తువాలు కింద మాట్లాడిన మా పావని

మా వంశంలో ఎవరూ చప్పుడు లేకుండా పుట్టలేదు. నేను పుట్టగానే పెట్టిన కేకకు పాకాల జంక్షన్‌లో కదలబోతున్న కాట్పాడి పాసింజరు ఆగిపోయిందనీ, గార్డు పచ్చజెండా చంకలో పెట్టుకుని మా ఇంటిదాకా వచ్చి ఏమైందని విచారించి పోయాడనీ మా అమ్మ ఇప్పటికీ చెబుతుంది. మా పెద్దమ్మాయి సింధు పుట్టినప్పుడు ఆసుపత్రి ఎదురుగా టీ కాచేవాడు పాలగిన్నె చెయ్యి జారవిడిచాడు. మాది స్టీలు సామాన్ల అంగడి. వెనక ఇల్లు, ముందు అంగడి. పొద్దస్తమానం గిన్నెల మోతలో బతికేవాళ్ళం కాబట్టి మా ఇంట్లో గుసగుస అంటే పక్క వీధికి మాత్రమే వినిపించే మాట అని అర్థం.

ఒక్క మా నాయన మాత్రం వేరు. ఆయన దామలచెరువు మామిడి మండీలో దళారి. అక్కడ ధర నోటితో చెప్పరు. కొనేవాడూ అమ్మించేవాడూ చేతులు కలుపుతారు, పైన తువాలు కప్పుతారు, లోపల వేళ్ళు మాట్లాడుకుంటాయి. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, రెండు పట్టుకుంటే రెండు, పంజా మొత్తం పట్టుకుంటే ఐదు. పంజా పట్టి, తర్వాత రెండు వేళ్ళు పట్టుకుంటే ఏడు. చెయ్యి విదిలిస్తే కుదరదని, గట్టిగా నొక్కితే ఖాయమని. చుట్టూ ఊరంతా నిలబడినా ఆ ధర ఆ రెండు చేతులకే తెలియాలి. నోరు జారినవాణ్ణి మండీలో మనిషి కింద లెక్కెయ్యరు. అలా ఒక జీవితకాలం పనిచేసి మా నాయన ఇంట్లో కూడా రోజుకు పది మాటలకు మించి ఖర్చు పెట్టడు. మిగిలినవన్నీ మా అమ్మ వాడుకుంటుంది.

ఎనిమిదేళ్ళ కిందట ఒక పొద్దున మేమంతా తిరుపతిలో ఆసుపత్రి వరండాలో నిలబడి ఉన్నాం. మా ఆవిడ హేమకు అప్పుడు ముప్ఫై తొమ్మిది, నాకు నలభై దాటింది, సింధు హైస్కూల్లో ఉంది. సింధు తర్వాత ఇన్నేళ్ళకు కాన్పు. లోపల తలుపు తెరుచుకుంది, మూసుకుంది. కేక కోసం చెవులు చాటలంత చేసుకుని నిలబడ్డాం. ఏమీ వినిపించలేదు.

"ఏం రా గిరీ, బిడ్డ పుట్టిందా లేదా? సద్దే లేదే!" అంది అమ్మ.

"పుట్టిందంటమా. ఆడబిడ్డ."

"మరి ఏడవదేమి? మన బిడ్డేనా, మార్చేసినారా?"

ఏదో తేడాగా ఉందని మాకు మొదట అనిపించిన క్షణం అదే. తర్వాత నర్సు తెచ్చి చేతిలో పెట్టింది. పిల్ల దోసెపిండి ముద్దలా అటు జారింది, ఇటు జారింది. చిన్న ముక్కు, పైకి లేచిన కళ్ళు, బయటికి తొంగిచూస్తున్న నాలుక. ఏడవలేదు, మమ్మల్ని చూసి ఆవులించింది.

పిల్లల డాక్టరమ్మ మమ్మల్ని హేమ మంచం పక్కన కూర్చోబెట్టి చెప్పింది. "పాప ఊపిరి బాగానే తీసుకుంటోంది. కానీ ఒళ్ళు ఫ్లాపీగా ఉంది, హైపోటోనియా అంటాం. కళ్ళు, మెడ, అరచేతి గీత చూస్తే నాకు డౌన్ సిండ్రోమ్ అనుమానం వస్తోంది. కేరియోటైప్‌కి రక్తం పంపుదాం. ఎకో కూడా చేయిద్దాం."

నేను పెద్ద ప్రొఫెసర్‌లా తలాడించాను. అందులో నాకు అర్థమైంది రక్తం ఒక్కటే. హేమకు మాత్రం అన్నీ అర్థమయ్యాయి. గోడవైపు తిరిగి పడుకుంది.

అప్పుడు మా నాయన లోపలికి వచ్చాడు. ఎవరినీ ఏమీ అడగలేదు. మంచం అంచున కూర్చుని పిల్ల పిడికిలి విప్పి చూశాడు. అరచేతి నిండా అడ్డంగా ఒకే ఒక గీత. అందులో తన చూపుడువేలు పెట్టాడు. పిల్ల దాన్ని మెల్లగా, ఆలోచించి ఆలోచించి పట్టుకుంది.

"గీత ఒకటే ఉండాది," అన్నాడు హేమతో. "ఈ చేత్తో బేరం సులువు మ్మా."

ఆ రోజు కోటాలో సగం అక్కడే ఖర్చయిపోయింది. హేమ ఇటు తిరిగింది.

రిపోర్టు వచ్చింది. ట్రైసోమీ 21. డాక్టరమ్మ కాగితం మీద బొమ్మ గీసి చూపించింది. అందరికీ ఇరవయ్యొకటో క్రోమోజోము రెండు ఉంటాయట, మా పావనికి మూడు. "ఇది మీ ఎవరి తప్పూ కాదు. తగ్గించడానికి ఇది జ్వరం కాదు. అన్నీ నేర్చుకుంటుంది, కొంచెం ఆలస్యంగా," అంది. హేమ ఒక్కటే అడిగింది, మాట్లాడుతుందా అని. "చాలామంది మాట్లాడతారు. ఎప్పుడు, ఎంత అనేది ఇప్పుడే చెప్పలేను. మీరు పక్కన లేనప్పుడు తన అవసరం తాను చెప్పుకోగలగాలి. మీరు దాని మీద గురి పెట్టండి." ఆ మాట హేమ కొంగున ముడి వేసుకుంది. తర్వాత ఆరేళ్ళు మా ఇంట్లో జరిగిందంతా ఆ ముడి చుట్టూనే.

ఊరికి వచ్చాక పలకరింపులు మొదలయ్యాయి. మా వీధిలో జనాభా మీరనుకున్నంత లేదు గానీ పలకరింపులకు మాత్రం రెండు జిల్లాల జనం వచ్చారు. ఒకావిడ గొంతు తగ్గించి మా అమ్మను అడిగింది. "కోడలు గ్రహణం నాడు బయటికి వచ్చినాదా అక్కా?"

"గ్రహణమా? నా కోడలు ఆ పొద్దు దుప్పటి కప్పుకుని పండుకోనుండె. గ్రహణమే మా ఇంట్లోకి రావాలంటే తలుపు తట్టి, నన్ను దాటుకుని రావాల!"

"అట్లగాదక్కా, ఏదో ఒకటి ఎక్కువుండాదని అన్నారే…"

"ఎక్కువే కదమే, తక్కువ కాదు కదా! గ్లాసు కొంటే కొసరు స్పూను ఇయ్యమని మా అంగట్లో పేచీ పెట్టుకునేది నువ్వే కదా? దేవుడు మాకి అడక్కుండానే కొసరేసినాడు. కాఫీ తాగి పో."

ఆ రోజు నుంచి క్రోమోజోము అనే మాట మా ఇంట్లో ఎవరూ వాడలేదు. కొసరు అనే అనేవాళ్ళం.

ఎకోలో గుండెకు చిన్న రంధ్రం కనబడింది. "స్మాల్ వి.ఎస్.డి. చాలాసార్లు దానంతట అదే మూసుకుంటుంది. ఫాలో అప్ మానొద్దు," అన్నారు. ఫాలో అప్‌కు పోయిన ప్రతిసారీ అమ్మ ఒక మొక్కు పెంచింది. మొదట తన తల, తర్వాత నా తల, తర్వాత మా బాబాయిల తలలు, చివరికి చిత్తూరులో ఉన్న మా మేనమామ తల కూడా ఆయనకు చెప్పకుండానే మొక్కేసింది. పావనికి రెండో ఏడు నడుస్తుండగా రంధ్రం మూసుకుందని చెప్పారు. ఎకో గదిలో నేను విడిచిన ఊపిరికి కర్టెన్ లేచి డాక్టరు మొహం మీద పడింది. ఆ నెల మా బంధువర్గంలో దువ్వెన పట్టినవాడు లేడు.

ఇక ఇల్లు. పావని పాలు తాగడానికి పట్టే సమయంలో మనిషి తిరుపతి పోయి దర్శనం చేసుకుని రావచ్చు. అంతసేపూ హేమ కదలకూడదు కాబట్టి వంట నా మీద పడింది. నా ఉప్మాతో గోడకు సినిమా పోస్టర్లు అంటించవచ్చు, అయినా సింధు రెండోసారి అడిగి తినేది, చెల్లెలి కోసం చేసిన త్యాగాల్లో అది మొదటిది. ఫిజియోథెరపీ అమ్మాయి పిల్లను ఒరగకుండా కూర్చోబెట్టమంటే, అంగట్లో ఉన్న అతి పెద్ద స్టీలు బేసిన్ తీసి, చుట్టూ దుప్పట్లు కుక్కి, మధ్యలో పావనిని ప్రతిష్ఠించాం. గరిటెల స్టాండు పట్టుకుని నిలబడింది, కుక్కర్ల వరస పట్టుకుని నడిచింది. చెంచా కొనడానికి వచ్చినవాళ్ళు పిల్లను గంటసేపు ఎత్తుకుని, చెంచా మరిచిపోయి పోయేవాళ్ళు. అంతకు ముందు నేను ఇంట్లోకి తిండికి మాత్రమే పోయేవాణ్ణి. ఇప్పుడు ఇల్లే అంగట్లోకి వచ్చేసింది.

మా పావనికి మేము కనిపెట్టిన మొట్టమొదటి గొప్ప గుణం ధైర్యం. ఒకరోజు అటక మీద నుంచి పళ్ళేల దొంతర మొత్తం కూలింది. ఆ మోతకు వీధిలో కుక్కలు మండలం దాటాయి, ఎదురింటి తాతకు పాత దగ్గు పోయింది. దొంతర పక్కనే కూర్చున్న పావని తీరిగ్గా తల తిప్పి చూసి, దొర్లుతున్న పళ్ళెం ఒకటి పట్టుకుని నవ్వింది.

"సింహం రా ఇది!" అంది అమ్మ. "అదురూ లేదు బెదురూ లేదు."

వచ్చినవాళ్ళందరికీ ఈ ధైర్యం చూపించాం. కొందరికి చూపించడానికి పళ్ళేలు మళ్ళీ పడేశాం కూడా. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, దీనితో పని ఉంది.

మాట మాత్రం రాలేదు. మూడు నిండాయి, నాలుగు నిండాయి. "బా", "తా" అనేది, ఏదో రాగం తీసేది, అంతే. వీధిలో దానికంటే చిన్న పిల్లకాయలు గడగడా మాట్లాడుతుంటే హేమ వాళ్ళ నోళ్ళవైపే చూస్తూ ఉండిపోయేది.

ఆ దశలో రంగంలోకి దిగింది మా నాయన. సాయంత్రం మండీ నుంచి వచ్చి పావనిని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, భుజం మీది తువాలు తీసి ఇద్దరి చేతుల మీదా కప్పేవాడు. ఏం జరిగేదో మాకు కనబడదు. కాసేపటికి ఆయన లేచి వంటింట్లోకి పోయి, "రెండు ఇడ్లీ," అనేవాడు హేమతో.

"నీకా మామా?"

"దానికి."

"అది అడిగినాదా?"

"అడిగింది. మూడు పెట్టేదా అంటే చెయ్యి ఇదిలించింది. రెండుకి ఖాయం."

మేము నమ్మలేదు. నేను కూర్చుని తువాలు కప్పుకున్నాను. పిడికిట్లో బలం లేని పిల్ల నా రెండు వేళ్ళు పట్టుకుని నొక్కింది. బిస్కెట్ల డబ్బా వైపు చూసింది. ఒకటే ఇస్తానని ఒక వేలు పట్టుకున్నాను. చెయ్యి విదిలించింది! ఇరవయ్యేళ్ళు వ్యాపారం చేసిన నేను, పాలపళ్ళు కూడా సరిగ్గా రాని పిల్లతో బేరంలో ఓడిపోయి రెండు బిస్కెట్లు సమర్పించుకున్నాను.

ఇక ఇల్లంతా తువాళ్ళే. సింధు చున్నీ, అమ్మ కొంగు, వంటింటి మసిగుడ్డ, ఏది దొరికితే దాని కింద వ్యాపారం. స్నానానికి తువాలు వెతుక్కుంటే అది ఎక్కడో బేరంలో ఉండేది. ఐదు దాకా అంకెలు ఆ పిల్ల వేళ్ళకు కంఠతా వచ్చేశాయి. మా నాయన మొహంలో ఎన్నడూ చూడని గర్వం. నలభై ఏళ్ళలో ఆయనకు దొరికిన అసలైన వారసురాలు మరి. ఇల్లు తిరునాళ్ళలా ఉండేది.

పావనికి ఆరేళ్ళు నిండుతుండగా బడికి తీసుకుపోయాం. పెద్ద టీచరమ్మ మంచి మనిషి. "తప్పకుండా చేర్చుకుంటాను," అంది. పావనికి ఆవిడ నచ్చింది. దగ్గరికి పోయి ఆవిడ చెయ్యి పట్టుకుని, ఆవిడ పమిటచెంగు లాగి చేతుల మీద కప్పి, లోపల రెండు వేళ్ళు నొక్కింది.

టీచరమ్మ కుర్చీలోంచి లేచింది. "ఏమిటండీ ఇది?"

"రెండు బిస్కెట్లు కావాలంటోంది మేడం," అన్నాను, అదేదో సర్టిఫికెట్ అయినట్టు.

ఆవిడ నవ్వింది. తర్వాత నవ్వు ఆపి హేమ వైపు తిరిగింది. "అమ్మా, మీకు తెలుసు కాబట్టి తెలిసింది. నాకెలా తెలుస్తుంది? తరగతి నిండా పిల్లలు. దాహమైనా, బాత్రూమ్ వచ్చినా నోరు తెరిచి చెప్పగలగాలి కదా. చెప్పలేక ఏడుస్తూ కూర్చుంటే నాకు బాధ. వేసవి సెలవులు అయ్యేదాకా చూద్దాం."

ఇంటికి వచ్చాక హేమ, "ఏమయ్యా, నేను పక్కన లేనప్పుడు బిడ్డకి దప్పికైతే ఎవరికి చెప్తాది?" అంది.

తిరుపతిలో స్పీచ్ థెరపిస్టు దగ్గరికి పోయాం. ఆ అమ్మాయి మా సింధు కంటే నాలుగేళ్ళు పెద్దదేమో. మా నాయన తన విద్య చూపించాడు. ఆ అమ్మాయి సంబరపడిపోయింది. తను కూడా తువాలు కప్పుకుని పావనితో మూడు బేరాలు చేసింది. అప్పుడు అంది. "సైగలు మంచివే తాతా. సైగ నేర్పితే మాట రాదని కొందరు భయపడతారు, అదేమీ లేదు. కానీ సైగ కనబడాలి, దాంతోపాటు మాట వినబడాలి. మీరు తువాలు కప్పి సైగ దాచేశారు, నోరు మూసుకుని మాట దాచేశారు. ఇక పాప ఏం చూసి నేర్చుకోవాలి?"

మా నాయన తెల్లబోయాడు. "బయటికి చెప్పేస్తే ఇంకా బేరమేముండాది తల్లీ?"

"ఇది బేరం కాదు తాతా, ఇడ్లీ."

మాట రావలసిన పిల్లకు మేము మూగగా చెయ్యాల్సిన వ్యాపారం నేర్పాం! మామిడి మండీ ఇంట్లో తప్ప ఇలాంటి పొరపాటు ప్రపంచంలో ఇంకెక్కడా జరగడానికి వీల్లేదు.

అంతలో ఆ అమ్మాయి పావని వెనక్కి పోయి, మామూలు గొంతుతో "పావనీ" అంది. పిల్ల తిరగలేదు. చిన్న గంట మోగించింది. తిరగలేదు.

"హియరింగ్ టెస్ట్ ఎప్పుడు చేయించారు?"

"పుట్టినప్పుడే. ఓ.ఏ.ఈ. పాస్ అయింది," అన్నాను గర్వంగా.

"తర్వాత?"

నేను హేమను చూశాను, హేమ నన్ను చూసింది. ఒకసారి పాసయ్యాక మళ్ళీ పరీక్ష ఉంటుందని, డాక్టరమ్మ రాసిచ్చిన ఫాలో అప్‌లలో గుండె మీద పెట్టిన ధ్యాస చెవి మీద పెట్టలేదని అప్పుడు తెలిసింది.

కర్ణభేరి కదలిక చూసే టింపనోమెట్రీ చేశారు, మందిచ్చి నిద్రపుచ్చి వినికిడి కొలిచే బెరా టెస్ట్ చేశారు. ఈ.ఎన్.టి. డాక్టరు గ్రాఫు చూపించాడు. కొండలా లేవాల్సిన గీత రెండు చెవుల్లోనూ తారురోడ్డులా పడుకుని ఉంది. "గ్లూ ఇయర్. కర్ణభేరి వెనక జిగురు లాంటి నీరు చేరింది. ఈ పిల్లల్లో చెవి గొట్టాలు సన్నగా ఉంటాయి, ఇది తరచుగా వస్తుంది. మనం చెవుల్లో దూది కుక్కుకుని వింటే ఎలా ఉంటుందో అలా వింటోంది. మీకు ఇంట్లో అనుమానం రాలేదా?"

"పిలిస్తే పలుకుతుంది కదా సార్!"

ఆయన తన చెవి రుద్దుకున్నాడు. "మీ ఇంట్లో అందరూ ఇంత గట్టిగానే మాట్లాడతారా?"

"ఇది మెల్లగా మాట్లాడడం సార్."

"అదీ సంగతి. మీ అరుపులు పాపకు మామూలు మాటల్లా వినబడ్డాయి. అందుకే ఇన్నాళ్ళు బయటపడలేదు."

అప్పుడు నాకు పళ్ళేల దొంతర గుర్తొచ్చింది. మనకు పిడుగు పడ్డట్టున్న మోత దానికి చెంచా జారిన చప్పుడు. దాన్ని ధైర్యమని ఊరంతా చాటాం. అమ్మకు చెబితే కాసేపు మొహం చిన్నబుచ్చుకుని, "పోనీలే, సింహానికి చెవి బాగు చేయిద్దాం," అంది.

చిన్న ఆపరేషన్. కర్ణభేరికి చిన్న చిల్లు పెట్టి, నీరు తీసి, గ్రోమెట్ అనే గొట్టం పెడతారు. ఆ గొట్టం ఆవగింజంత. ఇంత పెద్ద కుటుంబాన్ని అంత చిన్న వస్తువు కుదిపేయడం నేను మళ్ళీ చూడలేదు. ఆపరేషన్ థియేటర్ తలుపు దాకా మా నాయన పావని చెయ్యి పట్టుకుని, పైన తువాలు కప్పుకుని నడిచాడు. ఏం మాట్లాడుకున్నారో తెలియదు. తలుపు దగ్గర ఆయన చెయ్యి వదలాల్సి వచ్చినప్పుడు మాత్రం తువాలు పావని దగ్గరే వదిలేసి వచ్చాడు.

బాగైపోయిందనుకున్నారా? అసలు కథ అప్పుడు మొదలైంది. ఇంటికి వచ్చిన మర్నాడు అంగట్లో ఎవరో కుక్కర్ మూత కింద పెట్టారు. పావని రెండు చెవులూ మూసుకుని ఏడుపు అందుకుంది. పుట్టినప్పుడు మాకు బాకీ పడిన ఏడుపంతా వడ్డీతో సహా ఇచ్చేసింది. రైలు ఆగి ఉంటుంది, నేను చూడలేదు. అమ్మ పరుగెత్తుకొచ్చి "ఏమైంది తల్లీ!" అని ఓదార్చబోతే, ఆ ఓదార్పుకు ఇంకా గట్టిగా ఏడ్చింది.

దాంతో మా ఇంట్లో ఎన్నడూ జరగని పని జరిగింది. మెల్లగా మాట్లాడడం నేర్చుకున్నాం. గిన్నెల కింద గోనెపట్టాలు పరిచాం. అమ్మ గొంతు తగ్గించబోతే మొదట్లో దగ్గు తప్ప ఏమీ వచ్చేది కాదు. "గమ్మునుండండి రా" అని అందరికీ చెప్పే కేక ఒక్కటే ఆవిడకు మిగిలింది. ఎదురింటివాళ్ళు మూడు రోజులు ఓపిక పట్టి, నాలుగో రోజు వచ్చి నన్ను పక్కకు పిలిచారు. "ఏమప్పా గిరీ, అన్నదమ్ములు భాగాలు పంచుకుంటా ఉండారా? ఇంట్లో మాటలే లేవే?" నాకు అన్నదమ్ములు లేరు. మధ్యలో ఒక చెవి కారింది, చుక్కల మందు, మళ్ళీ తిరుపతి, మళ్ళీ గాబరా. తలస్నానం చేయిస్తే చెవిలో చుక్క నీరు పోకూడదని హేమ పడిన పాట్లకు కాలువ మీద డ్యాము కట్టవచ్చు.

అన్నిటికంటే కష్టం మా నాయనది. అంకె పైకి చెప్పాలి. మొదటి రోజు పావని వేలు పట్టుకుని, తువాలు భుజం మీదే ఉంచి, అటూ ఇటూ చూసి, దొంగలా "ఒకటి" అన్నాడు. అని తలుపు వైపు చూశాడు, ఎవరైనా దళారి విన్నాడేమోనని. వారం తిరిగేసరికి "రెండు" కూడా పైకే అన్నాడు. ఇంకో రెండు వారాలకు పంజా మీద రెండు వేళ్ళు పట్టి "ఏడు" దాకా పోయాడు. తర్వాత "నీళ్ళు", "ఇడ్లీ", "బాత్రూమ్", ఆపైన "ఇది కాకి తల్లీ, అది పిచ్చుక." రోజుకు పది మాటల కోటా తెగిపోయింది.

"పెండ్లైనప్పటి నుంచి నాతో ఇన్ని మాటలు మాట్లాడలేదు ఈ మనిషి!" అంది అమ్మ, మెల్లగానే.

వేసవి సగం పోయింది. పావని వింటోంది, తల తిప్పుతోంది, పెదాల వైపు చూస్తోంది. మాట రాలేదు. థెరపిస్టు, "లోపల చేరుతోంది, ఆగండి," అంటుంది. హేమ క్యాలెండరు వైపు చూడడం మానేసింది. బడి తెరిచే రోజు దగ్గరికి వస్తోంది.

ఆ రోజు మా నాయన పావనిని మండీకి తీసుకుపోయాడు. మధ్యాహ్నం నేను క్యారియర్ పట్టుకుని పోయాను. సీజను మంచి ఊపు మీద ఉంది. బెంగళూరా మామిడికాయలు కొండలుగా పోసి ఉన్నాయి, ఆ కొండలు చూసి శేషాచలం సిగ్గుపడి పక్కకు జరిగినట్టుంది. ఒక రైతు సరుకుకు మా నాయన బేరం నడుపుతున్నాడు. ఎదురుగా చిత్తూరు నుంచి వచ్చిన జ్యూస్ ఫ్యాక్టరీ ఏజెంటు, మీసాలు ఈ చెవి నుంచి ఆ చెవికి. చేతులు కలిశాయి, పైన తువాలు పడింది. చుట్టూ మిగతా కొనుగోలుదార్లు మొహాలు చూస్తూ నిలబడ్డారు.

పక్కన బుట్ట మీద కూర్చున్న పావని తువాలు చూసింది. తన జీవితంలో తువాలు పడిందంటే అది తన కోసమే. కింద నుంచి చెయ్యి దూర్చింది. మీసాలాయన చూసుకోలేదు, దొరికిన చెయ్యి పట్టుకున్నాడు. పంజా నొక్కాడు, తర్వాత రెండు వేళ్ళు నొక్కాడు.

"ఏడూ!" అంది మా పావని.

మండీ నిలిచిపోయింది. దొర్లుతున్న కాయ దొర్లుతున్న చోట ఆగింది. లారీ హారన్ సగంలో తెగింది. అది తాత వేళ్ళు పట్టి, అటూ ఇటూ చూసి, దొంగలా నేర్పిన అంకె. ఆ పిల్ల ఎవరినీ చూసుకోకుండా నోరారా అనేసింది.

మీసాలాయన చెయ్యి లాక్కున్నాడు. "ఏమన్నా ఇది! నా ధర ఊరంతా సాటించేసిందే నీ మనవరాలు!"

"అట్లయితే నేను ఎనిమిది!" అన్నాడు వెనక నుంచి ఒకాయన.

"నేను ఎనిమిదిన్నర!" అన్నాడు ఇంకొకాయన.

రైతు చేతులెత్తి మొక్కాడు. "ఈ బిడ్డని దినామూ పిల్చుకోని రా సామీ!"

మా నాయనకు ఇవేమీ వినబడడం లేదు. తువాలు కింద పడిపోయింది. ఆయన పావని మొహంలోకి చూస్తున్నాడు. పావని ఆయన చొక్కా పట్టుకుంది. చెయ్యి వెతకలేదు, వేలు పట్టలేదు, గుడ్డ కప్పలేదు.

"తాతా, నీలు," అంది.

"ఏమంటివి?"

"నీలు తాతా."

మా వంశంలో నేను వినని కేక ఒక్క మా నాయనదే. ఆ రోజు అదీ విన్నాను. "నీళ్ళు అడిగింది రా నా మనవరాలు! నోటితో అడిగింది! ఎవుర్రా ఆడ, నీళ్ళు తీసుకురండి రా!" జీవితమంతా దాచుకున్న గొంతు కదా, పాకాలలో ఆగి ఉన్న రైళ్ళు కూడా అదరిపోయి బయల్దేరి ఉంటాయి. మండీ నలుమూలల నుంచి నీళ్ళొచ్చాయి. బాటిళ్ళు, చెంబులు, ఎవరో కొబ్బరిబోండాం, మీసాలాయన తన ఫ్లాస్కు. పావని ఫ్లాస్కు ఎంచుకుని రెండు గుక్కలు తాగి ఆయనకే తిరిగిచ్చింది.

నాయన నా ఫోను లాక్కుని హేమకు చెప్పాడు. అటునుంచి హేమ గొంతు. "ఏమన్నది మామా? మళ్ళీ చెప్పు."

"నీలు అన్నది మ్మా."

"మళ్ళీ చెప్పు మామా."

ఎన్నిసార్లు చెప్పించుకుందో, ఛార్జింగ్ అయిపోయి ఫోనే ఆగిపోయింది.

బడి తెరిచిన రోజు పెద్ద టీచరమ్మ పేరు అడిగింది. "పాని," అంది. మధ్య అక్షరం ఇంకా దారిలో ఉంది. తర్వాత టీచరమ్మ టేబుల్ మీది డబ్బా చూసి, రెండు వేళ్ళు బాహాటంగా ఎత్తి, "రెండు," అంది. టీచరమ్మ రెండూ ఇచ్చి రిజిస్టరు తెరిచింది.

ఇప్పుడు పావనికి ఎనిమిది. రెండో తరగతి. లెక్కలు నెమ్మది, రాత ఇంకా నెమ్మది, స్నేహితురాళ్ళు మాత్రం బడిలో సగం మంది. థైరాయిడ్‌కు రోజూ ఒక మాత్ర వేస్తాం. ఆ మధ్య గ్రోమెట్లు వాటంతట అవే రాలిపోయాయి, ఈ.ఎన్.టి. డాక్టరు గడువు పెట్టి మరీ మళ్ళీ మళ్ళీ చూస్తున్నాడు. మాటలు కొన్ని స్పష్టంగా, కొన్ని మబ్బుగా వస్తాయి, అన్నీ గట్టిగానే వస్తాయి. మా నాయన మండీ మానేసి సాయంత్రాలు దానికి కథలు చెబుతున్నాడు. కథలు చెప్పగలడని అమ్మకే తెలియదు. హేమ ఇప్పుడు పావనిని బడిలో దింపి వెనక్కి తిరిగి చూడకుండా వస్తుంది. నేను చూస్తాను, ఆమెకు చెప్పకండి.

మీ ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే నేను చెప్పేది ఒక్కటే. పుట్టినప్పుడు చెవి పరీక్ష పాసయిందని ఊరుకోకండి. డాక్టరు చెప్పిన గడువుకల్లా మళ్ళీ చేయించండి. బిడ్డ ఎంత ధైర్యంగా కనబడినా, పిలిస్తే పలికినా, మీ ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉన్నా సరే. ఒక్కటి మాత్రం ముందే తెలుసుకోండి. చెవి బాగై, నోరు తెరుచుకున్నాక ఇంట్లో రహస్యాలు నిలవవు. నిన్న అంగట్లో ఒకావిడ ఇడ్లీపాత్ర ధర అడిగింది. నేను నోరు తెరిచేలోపు మా పావని గల్లా పక్క నుంచి అంది. "నాన్న తగ్గిత్తాడు. అడుగు!"